నీళ్ళు తాగిన కారు

అంబదాస్‌ను నేను మనుషుల లెక్కలోంచి తీసేశాను. నా భార్య భూదేవికి సొంత చెల్లెలి మొగుడు. నాకు సడ్డకుడు. సూరత్ చీరల మార్కెట్లో గుమాస్తా. మా కులపోళ్ళ సమాజ్‌లో పంచాయితీ జరిగితే పెద్దల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. నలుగురిలో నన్ను "అన్నా, అన్నా" అంటాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నా ఒళ్ళు మండిపోతోంది. పరాయివాడు మోసం చేస్తే నాలుగు తిట్లు తిట్టి పడుకోవచ్చు. మన ఇంట్లో పీట వేసుకుని తిని, మూతి తుడుచుకుని, అదే చేత్తో మన గొంతు పట్టుకున్నవాణ్ణి ఏమని తిట్టాలి? నాకు వచ్చిన తిట్లన్నీ ఆదివారమే అయిపోయాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు కాస్త వెనక సంగతి చెప్పేస్తాను. నేను పరుశురాం. ఆరో తరగతిలో బడి మానేసి సాంచాల మీద పడ్డవాణ్ణి. కరెంటు మగ్గాన్ని మా సిరిసిల్ల వాళ్ళు సాంచా అంటారు. సూరత్ వచ్చి, ఊళ్ళో వాళ్ళ సాంచాలన్నీ నడిపి నడిపి, చివరికి బమ్రోలిలో ఒక అద్దె షెడ్డులో నాలుగు నావి అనిపించుకున్నాను. కొత్త మెషీన్లు దిగాక మా బట్టను అడిగే దిక్కు లేకుండా పోయింది. అటు భూదేవి, పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చిన మన కూలీలకు ఇంట్లోనే వండి పెట్టేది. ఆమె జొన్నరొట్టెల సంగతి, పచ్చిపులుసు సంగతి ఊరవతల ఫ్యాక్టరీలుండే సచిన్ దాకా పాకింది. అక్కడ ఒక బట్టల యూనిట్లో మనవాళ్ళు డెబ్బై మంది ఉన్నారు. మేనేజరు భూదేవిని పిలిపించి, సోమవారం నుంచి పగటి భోజనం మీరే పంపండి, పన్నెండున్నర దాటితే మాత్రం రానక్కర్లేదు అన్నాడు.

అన్ని డబ్బాలు మోటార్‌సైకిల్ మీద పోవు. కారు కావాలి. ఆ మాట అంబదాస్ చెవిన పడింది.

"కార్లు అమ్మే దుకాణాలకు పోకు అన్నా, ముంచుతరు. నాకెరికైన డాక్టర్ సాబ్ కారున్నది. ఆయన తప్ప ఇంకోడు స్టీరింగ్ ముట్టలే" అన్నాడు.

నేను సాంచాలు నాలుగూ విప్పించి, తుక్కువాడి కాటా ఎక్కించాను. వచ్చినదంతా అంబదాస్ చేతిలో పోశాను. పోయిన వారం ఆ తెల్ల కారు మా గల్లీలోకి రావడం, భూదేవి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం, అంబదాస్ కొబ్బరికాయ కొట్టి తాళం నా చేతికివ్వడం, అక్కడే ఆగాం.

ఇక ఆదివారం. తెల్లారితే సోమవారం, మొదటి భోజనం.

బమ్రోలి వెనక ప్లాట్లు గీసి వదిలేసిన ఖాళీ జాగా ఒకటుంది. అక్కడక్కడా ఇసుక కుప్పలు, మేస్తూ తిరిగే బర్రెలు తప్ప అడ్డం వచ్చేవాళ్ళు లేరు. నా పక్క సీట్లో నా కూతురు హారతి. మార్కెట్లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. కిందటేడు తన జీతంతో మోటార్ స్కూలుకు పోయి లైసెన్సు తెచ్చుకుంది. నా దగ్గరున్నది నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు. కారుకు ముందూ వెనకా ఎర్ర 'ఎల్' అక్షరం అంటించి నన్ను కూర్చోబెట్టింది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, దాని నోట్లో మూడు భాషలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి.

"క్లచ్ పూరా దబాయ్ బాపు. ఆఁ. ఇప్పుడు ఫస్ట్ ఎయ్యి. ఇప్పుడు కాలు మెల్లగ లేపు. మెల్లగ... మెల్లగ అన్న! అరె యార్!"

కారు కప్పలా ఒక్క ఎగురు ఎగిరి చచ్చిపోయింది.

"మళ్ళ బంద్ చేసినవ్."

"నేను చేయలే. అదే అయింది."

"ఇంజన్ ఆవాజ్ విను బాపు. ఆవాజ్ మారుతది గద, అప్పుడు కాలు లేపాలె."

"నాకు ఆవాజ్ వినబడితే నీతోటి గిన్ని మాటలెందుకు పడుత?"

నా చెవుల సంగతి దానికి తెలుసు, తెలిసీ మరిచిపోతుంది. ఎడమ చెవి సాంచాలే తినేశాయి. కుడి చెవితో దగ్గరి మాట వినబడుతుంది గానీ ఇంజను గురగురలో తేడా నాకేం తెలుస్తుంది? చెప్పులు విప్పి వెనక సీటు కిందికి తోశాను. వట్టి పాదం క్లచ్ మీద పెట్టాను.

"గిదేంది?"

"కాలికి తెలుస్తది. నువ్వు జర నోరు మూసుకుని కూసో."

షెడ్డులో నిలబడ్డప్పుడు ఏ సాంచా కుంటుతోందో నాకు నేల చెప్పేది. అలాగే ఈ రేకు కూడా ఏదో చెబుతుందని నమ్మకం. కాలు మెల్లగా లేపాను. మడమ దగ్గర చిన్నగా వణుకు మొదలైంది, అది పాదమంతా పాకి, ఒకచోట బరువెక్కింది. అక్కడ ఆపాను. కారు ఎగరలేదు. ఎవరో వెనక నుంచి తోసినట్టు మెత్తగా కదిలింది.

హారతి రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. "వారెవ్వా! ఇప్పుడు సెకండ్. క్లచ్... గుంజు... వదులు. బాపు! గిట్లనే పోతె రేపటి బువ్వ ఎల్లుండికల్ల సచిన్ చేరుతది."

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో. చేతుల కింద చక్రం తిరుగుతుంటే, పేడ వాసన గాలి మొహానికి తగులుతుంటే, ఈ సూరత్‌లో నాకూ ఒక తలుపు తెరుచుకుందని అనిపించింది. ఆ మాత్రం సంతోషం కూడా ఎక్కువే అయింది కాబోలు.

ఇసుక కుప్ప వెనక నుంచి ఒక బర్రె నిదానంగా అడ్డం వచ్చింది.

సాంచా మీద పోగు తెగితే మా ఎడమ చెయ్యి తనంతట తనే హ్యాండిల్ మీదికి పోతుంది. ఒక్క గుంజుడు, మొత్తం సాంచా ఆగిపోతుంది. కాలితో పనే లేదు. బతుకంతా ఆ ఒక్క గుంజుడుతోనే ఆపదలన్నీ ఆపుకున్నవాణ్ణి. బర్రెను చూడగానే ఎడమ చెయ్యి పోయి గేరు రాడ్డును పట్టుకుని గుంజేసింది. రాడ్డు నడిమికి వచ్చింది. కారు మాత్రం ఆగలేదు. నా కాళ్ళు రెండూ చుట్టాల్లా చూస్తూ కూర్చున్నాయి.

"బ్రేక్! బ్రేక్!" అని అరుస్తూ హారతి అడ్డంపడి స్టీరింగు తిప్పేసింది. కారు పోయి ఇసుకలో ముక్కు పెట్టింది. బర్రె ఆగి, మమ్మల్ని ఒకసారి చూసి, నెమరు వేసుకుంటూ పోయింది.

"బ్రేక్ ఎందుకు తొక్కలే బాపు?"

"గుంజిన గద!"

"గుంజితె ఆగనీకి ఇది సాంచనా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. తాళం తిప్పాను. చిన్న చప్పుడు కూడా లేదు. మళ్ళీ తిప్పాను. స్టీరింగు ముందు వెలిగే దీపాలు కూడా వెలగలేదు. హారతి నవ్వు ఆగిపోయింది.

అంబదాస్‌కు ఫోన్ చేస్తే, ఎదురుచూస్తున్నట్టే వెంటనే వచ్చాడు. స్కూటర్ మీద తను, వెనక ఒక మిస్త్రీ, ఉత్తరాది మనిషి. ఆదివారం కూడా ఇస్త్రీ చొక్కా, తలకు కొత్తగా వేసిన రంగు.

"ఏంది అన్నా, తాళం ఇచ్చి వారం కాలే, ఇసుకల పండబెట్టినవ్?"

"స్టార్ట్ అయితలేదు చిన్నాయన" అంది హారతి.

మిస్త్రీ స్టీరింగు కిందికి తల దూర్చాడు. కాళ్ళ కింద పరిచిన రబ్బరు పట్టా ఎత్తి చూశాడు. తల పైకెత్తి అంబదాస్ వైపు చూసి, ఏదో అనబోయి ఆగాడు. గరుకు కాయితంతో ఒక తీగ చివర గీకి, మళ్ళీ బిగించాడు. తాళం తిప్పితే ఇంజను అందుకుంది.

అంబదాస్ చేతులు దులుపుకున్నాడు. "సూసినవా? బండిల లోపం లేదు. నువ్వే గేరును సాంచ గుంజినట్టు గుంజినవ్. లోపల పండ్లు ఇరిగినయో ఏమో. రేపు యాడనన్న ఆగితె నన్నొక మాట అనొద్దు. హారతీ, నువ్వే సాక్షి."

నిజమే గుంజాను. నా చేతులతో నేనే పాడు చేశానని నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం, దొంగ ముందు నేను తల వంచుకుని కూర్చున్నానే అని.

"ఇంజన్ బంద్ చెయ్యకు. జరసేపు నడువనియ్" అని మిస్త్రీ హిందీలో చెప్పి, అంబదాస్ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. ఇద్దరూ దూరంగా ప్రహరీ గోడ దగ్గర నిలబడ్డారు, మా వైపే మొహాలు పెట్టి. ఎండ సూటిగా వాళ్ళ మొహాల మీద పడుతోంది. ఇసుక ఎగురుతోందని నేనూ హారతీ అద్దాలన్నీ ఎక్కించుకుని కార్లోనే కూర్చున్నాం. మాకు వినబడదని వాళ్ళకు ధైర్యం.

అంబదాస్ ఎప్పుడూ సాంచా మీద పని చేసినవాడు కాదు. చేసి ఉంటే ఆ తప్పు చేసేవాడు కాదు. సాంచాల షెడ్డులో చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినబడదు. ఒడియావాళ్ళు, యూపీ భయ్యాలు, మేము, అందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం. ఎవరి ఇంట్లో జ్వరం, ఎవరికి కూతురు పుట్టింది, సేఠ్‌ను ఎవరు ఏమని తిట్టారు, అంతా షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి పెదాల మీదే నడుస్తుంది. ఆ మాటలు ఎక్కువ హిందీలోనే.

మిస్త్రీ పెదాలు కదిలాయి. నా నోరు దానంతట అదే చదవడం మొదలుపెట్టింది.

"సీట్ల కింద ఇంకా బురద ఉన్నది సేఠ్. తీగలన్నీ పచ్చగైనయ్."

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ బాపు?" అంది హారతి.

"ఆగు." అంబదాస్ పెదాలు చూశాను. "ఇయ్యాల నడిచింది గద, చాలు."

"ఏంది?"

"వాళ్ళ మాటలే చెప్తున్న, ఉండు." మిస్త్రీ చెయ్యి నడుము దాకా ఎత్తి కొలత చూపించాడు. "ఖాడీ పొంగినప్పుడు గింత నీళ్ళల్ల మునిగిన బండి. నువ్వు భంగార్ కాడ కొన్నవ్. ముంబై పార్టీకి అమ్ముత అన్నవ్. సొంతోనికే ఎట్ల అంటగట్టినవ్?"

ఖాడీ అంటే మా వైపు ఊరి నడుమ పారే మురికి వాగు. వానాకాలం పొంగి ఇళ్ళల్లోకి వస్తుంది. భంగార్ అంటే తుక్కు దుకాణం. హారతి నా ముంజేతిని పట్టుకుంది. దాని గోళ్ళు దిగుతున్నాయి.

అంబదాస్ నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను. నవ్వుతూనే అన్నాడు, నేను ఒక్కొక్క మాటా నా కూతురికి వినిపించాను.

"బయటోడైతె పోలీస్ కాడికి పోతడు. సొంతోడు యాడికి పోతడు? సమాజ్‌ల పంచాయితీ పెడుతడు. ఆ పంచాయితీల కూసునేది నేనే."

మిస్త్రీ ఏదో అడిగాడు, అతని మొహం పక్కకు తిరగడంతో అందలేదు. అంబదాస్ జవాబు మాత్రం అందింది.

"రేపు పన్నెండున్నరకు సచిన్‌ల బువ్వ దిగొద్దు, గంతే. మేనేజర్ మా ఇంటామెతోటి మాట అనుకున్నడు. వీళ్ళు రాకపోతె ఎల్లుండి నుంచి మాదే."

హారతి, "నిజంగ గట్లనే అన్నడా బాపు? నువ్వు కోపంల కల్పిస్తలేవు గద?" అంది.

"నీకు ఎప్పుడన్న అబద్ధం చెప్పిన్నా?"

అది తల అడ్డంగా ఊపింది. నేను కారు దిగాను. వట్టి కాళ్ళతో, ఎండిన పేడ మీద, ఇసుక మీద నడుచుకుంటూ వాళ్ళ దగ్గరికి పోయాను.

"ఏంది అన్నా, మంచిగ నడుస్తున్నది గద ఇంజన్?"

"మంచిగ నడుస్తున్నది. ఖాడీ నీళ్ళు తాగింది గద, బలం పట్టినట్టున్నది."

వాడి మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మిస్త్రీ వైపు పోయాయి. మిస్త్రీ రెండు చేతులూ పైకెత్తి, నేనేం చెప్పలేదు సేఠ్ అన్నాడు.

"ఎవడు చెప్పిండు నీకు?"

"నువ్వే చెప్పినవ్. సొంతోడు యాడికి పోతడు అన్నవ్. పంచాయితీల కూసునేది నేనే అన్నవ్. ఇంకా చెప్పన్నా? రేపు సచిన్‌ల బువ్వ దిగొద్దు అన్నవ్. నీ పెండ్లాం మేనేజర్‌తోటి మాట్లాడింది అన్నవ్. నవ్వినవ్ కూడ. ఎప్పుడు నవ్వినవో చెప్పన్నా?"

వాడు నా చెవుల వైపు చూశాడు, తర్వాత దూరంగా ఉన్న కారు వైపు చూశాడు. అర్థమయ్యేసరికి వాడి చెయ్యి దానంతట అదే నోటి మీదికి వెళ్ళింది. మళ్ళీ దించేసుకున్నాడు.

"అన్నా, జర ఠండా దిమాగ్‌తోటి విను. ఇంటి మాట ఇంట్లనే అనుకుందం. కారు నేను వాపస్ తీసుకుంట. నీ పైసలు దసరాకు ఇస్త, నా పిల్లల మీద ఒట్టు. ఆ సచిన్ ఆర్డర్ మాత్రం మాకు ఇడువుండ్రి. నీతోటి కాదది. చెవులు రెండు పోయినయ్, ఈ వయసుల స్టీరింగ్ పట్టుకుని ఎవల మీదికి ఎక్కిస్తవో? వదిన ఎన్ని దినాలు గిన్ని కిలోల పిండి పిసుకుతది?"

"నా పెండ్లాం చేతుల గురించి నువ్వు మాట్లాడకు."

"మా ఆమె నీకు పరాయిదా? అక్క వండితె ఏంది, చెల్లె వండితె ఏంది? ఇంట్లనే ఉంటది గద ఆర్డర్."

"మరి అడగకపోయినవ్? వచ్చి, వదినా మాకు గడుస్తలేదు, సగం ఇయ్యుండ్రి అని అడిగితె భూదేవి ఇయ్యకపోయేదా? నా నాలుగు సాంచాలు మింగుడు దేనికిరా?"

"రా అనకు" అన్నాడు. గొంతు మారింది. "ఏం చేస్తవ్? సమాజ్‌ల చెప్తవా? చెప్పుకో. గేరు గుంజి ఇసుకల పడేసింది నువ్వు. నీ బిడ్డనే సాక్షి."

"నేను సాక్షినే చిన్నాయన" అంది వెనక నుంచి హారతి. ఎప్పుడు దిగి వచ్చిందో. "బాపు గేరు గుంజింది చెప్త. నువ్వన్న మాటలు గూడ చెప్త. రెండూ చెప్త."

"పెద్దోళ్ళ నడిమిట్ల నీకేం పని? నడువ్!"

దాన్ని కసిరినప్పుడు నాకు ఇంకేం కనబడలేదు. వాడి ఇస్త్రీ చొక్కా కాలర్ నా గుప్పిట్లోకి వచ్చింది. మిస్త్రీ మా మధ్య దూరాడు. ఒక గుండీ తెగి ఎక్కడో పడింది. కొట్టేవాణ్ణే. హారతి నా నడుము పట్టుకుని వెనక్కి లాగకపోతే ఆ రోజు పోలీసులు నా కోసమే వచ్చేవాళ్ళు.

పోలీసులు. ఆ మాట తలలో మెదలగానే నా చెయ్యి వదులైంది.

మావాళ్ళలో తగాదా అయితే సమాజ్‌కు పోతారు. అన్నదమ్ములు, తోడికోడళ్ళు, మామా అల్లుళ్ళు, ఎవరైనా సరే. పోలీసు చౌకీ గుమ్మం తొక్కి సొంతవాడి పేరు రాయించినవాణ్ణి ఆ తర్వాత పెళ్ళికి పిలవరు, చావుకు పిలవరు. అంబదాస్ ధైర్యమంతా అదే. నన్ను మోసం చేయడానికి వాడికి తెలివి కూడా అక్కర్లేకపోయింది, చుట్టరికం చాలింది.

"హారతీ, కారెక్కు."

"యాడికి?"

"చౌకీకి."

అంబదాస్ మొదట నవ్వాడు. నేను కారు వైపు నడుస్తుంటే నవ్వు ఆగింది. "అన్నా! ఓ అన్నా! మెయిన్ రోడ్డు మీద నడిపెటంత మొనగానివా? చస్తవ్!" అని అరిచాడు.

హారతి తను నడుపుతానంది. వద్దన్నాను. ఆ కారులో నన్ను ముంచినవాడి ఎదురుగానే నేను దాన్ని రోడ్డెక్కించాలి. రివర్సు గేరు పడలేదు. రెండోసారి కరకరమని పడింది. ఇసుకలోంచి వెనక్కి వచ్చాం. ఫస్టు. పాదం కింద వణుకు. సెకండు. అద్దంలో అంబదాస్ ఫోన్ చెవికి పెట్టుకోవడం కనబడింది.

రోడ్డు మీదికి వచ్చాక నాకు భయం తెలియలేదంటే అబద్ధం. బట్ట తాన్లు నింపుకున్న టెంపోలు ఒరుసుకుంటూ పోతున్నాయి. రిక్షాలు ఎటు నుంచి వస్తాయో దేవుడికే తెలియదు. వెనక హారన్లు మోగుతున్నాయని హారతి మొహం చూసి తెలుసుకున్నాను.

"లెఫ్ట్‌ల ఉండు బాపు, లెఫ్ట్‌ల. మనల్ని దాటిపోనియ్. ముందల ఠేకర ఉన్నది, క్లచ్... బ్రేక్... శాబాష్."

ఠేకర అంటే ఇక్కడ స్పీడ్ బ్రేకర్. ఒక కూడలిలో రిక్షా అడ్డం వస్తే నా చెయ్యి మళ్ళీ గేరు రాడ్డు మీదికి పోయింది. హారతి చెయ్యి మీద ఒక్కటి వేసింది, చిన్నప్పుడు నేను దానికి వేసినట్టు. "కాలు! కాలు వాడు!" కాలు వాడాను. కారు ఆగి, చచ్చిపోయింది. మళ్ళీ లేపాను. రిక్షావాడు నన్ను గుజరాతీలో ఏదో అన్నాడు. అన్నది అందింది. ఇక్కడ చెప్పను.

చౌకీ గేటు ముందుకు వచ్చేసరికి స్టీరింగు ముందు దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి ఆరిపోయాయి. కారు తనంతట తనే ఆగింది. ఈసారి నా తప్పేం లేదు. తాళం తిప్పి చూశాను, కదల్లేదు. గేటు దగ్గరి జవాను "గాడీ హటావ్" అన్నాడు. నేనూ హారతీ దిగి తోసి పక్కన పెట్టాం. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి వట్టి కాళ్ళతోనే లోపలికి పోయాను.

బల్ల వెనక ఒక జమాదారు, తెల్ల మీసాల మనిషి. హారతి హిందీలో, గుజరాతీలో అంతా చెప్పింది. ఆయన ఓపికగానే విన్నాడు. మోసం చేసింది ఎవరని అడిగాడు. తోడల్లుడు అని తెలియగానే పెన్ను పక్కన పెట్టాడు.

"ఘర్ కా మామ్లా హై కాకా, ఇంటి గొడవ. ఒకసారి పేరు రాస్తే నేను కొట్టెయ్యను. రెండు ఇండ్లు తెగిపోతాయి. ఆలోచించుకుని చెప్పు" అని హిందీలో అన్నాడు. చెడ్డవాడేం కాదు. మా కులంవాడు కాకపోయినా మా పద్ధతి తెలిసినవాడు.

అప్పుడే హారతి ఫోన్ మోగింది. భూదేవి. హారతి నా కుడి చెవి దగ్గర పెట్టింది.

"నువ్వు యాడున్నవ్?"

"నీ మరిది చెప్పిండు గద, యాడున్ననో."

"చెల్లె వచ్చి నా కాళ్ళ మీద పడి ఏడుస్తున్నది. ఆర్డర్ మనకే ఇడుస్తరట. కారు వాపస్ తీసుకుంటరట. నువ్వు బయటికి రా."

"పైసలు?"

"దసరాకు ఇస్తరట."

"వాడు ఏమన్నడో తెల్సా నీకు? సొంతోడు యాడికి పోతడు అని నవ్విండు. మన బువ్వ సచిన్‌ల దిగొద్దని..."

"అన్నడు. అనుంటడు. వాడు గాడిదకొడుకే, నాకెరుకలేదా?" భూదేవి గొంతు పెంచింది. "కాని నా చెల్లె మొగని పేరు నువ్వు పోలీసోళ్ళ కాడ రాపిస్తివా, నేను పొయ్యి ముట్టియ్య. పిండి తడిపి పెట్టిన, పప్పు నానబెట్టిన. అన్ని మోరీల పారబోస్త. రేపు డెబ్బై మందికి నువ్వే వండుకో, నువ్వే మోసుకపో."

ఫోన్ పెట్టేసింది.

నేను హారతి వైపు చూశాను. "అమ్మ ఉత్తగనే బెదిరిస్తున్నదా?"

"అమ్మ అన్నదంటె చేస్తది బాపు" అంది. దాని కళ్ళ నిండా నీళ్ళు. "నువ్వేం చేసినా నేను నీ దిక్కే. కాని రేపు సచిన్‌కు ఏం తీస్కపోదం?"

బయట గేటు పక్కన కారు ఎండలో నిలబడి ఉంది. కేసు రాయించకపోతే రేపు భూదేవి వండుతుంది. వండినా ఆ డబ్బాలు సచిన్‌కు దేని మీద పోవాలి? కారు వాపస్ ఇచ్చేసి, దసరా దాకా ఎదురుచూసి, దసరా నాడు వాడి ఇంట్లో పీట మీద కూర్చుని, వాడు "అన్నా, ఇంకో నెల" అంటే తల ఊపి రావాలి. వాడు లెక్క వేసుకున్నది సరిగ్గా అదే. కేసు రాయిస్తే రేపు వంట లేదు, ఆర్డరు లేదు, పెళ్ళాం కూడా ఉంటుందో లేదో తెలియదు.

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. జమాదారు నా కాళ్ళ వైపు చూశాడు, ఇసుక, పేడ అంటుకున్న వట్టి కాళ్ళు. ఏమనుకున్నాడో, పక్కన పెట్టిన పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"పేరు చెప్పు కాకా."

"అంబదాస్" అన్నాను.

హారతి కళ్ళు మూసుకుంది. జమాదారు రాసి, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎంత పోయింది?"

"ఒక లక్షా ముప్పై ఆరు వేల నాలుగు వందలు."